రక్తనిధి సర్వరుకు పడిన చిల్లు

నేను ఒక సర్వరును. అంటే సేవ చేసేవాడినని అర్థమట. ఆ పేరు పెట్టినవాళ్ళ ఉద్దేశం ఏమిటోగానీ నన్నెవరూ సేవకుడిలా చూడలేదు. ఏసీ గది ఇచ్చారు. కరెంటు పోతే ముందు నాకే బ్యాటరీ అందేలా చూశారు. నా గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానివ్వలేదు. ఇంత వైభోగం వెలగబెట్టిన సేవకుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

చెన్నై అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నాలో మెమరీ కార్డులు దిగ్గొట్టింది. అవి గాడిలో కూర్చున్నప్పుడు వచ్చిన ‘టక్’ శబ్దమే నేను విన్న మొదటి మాట. తరవాత అట్టపెట్టెలో కాకినాడ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చాను. అక్కడ పరీక్షా ఫలితాలు దాచడం నా పని. ఫలితాలు వదిలిన రోజున పిల్లలందరూ ఒక్కసారి నా మీద పడేవాళ్ళు. ఫెయిలైన కుర్రాడు అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. నేను మళ్ళీ మళ్ళీ అదే జవాబిచ్చేవాణ్ణి. ఒకసారి చెప్పింది ఇంకోసారి మారుతుందని మనుషులు ఎందుకు ఆశపడతారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమైంది.

కొన్నేళ్ళకు కాలేజీవాళ్ళు లెక్కలన్నీ క్లౌడులోకి మార్చేశారు. నన్ను ఊళ్ళో ఉన్న ఒక రక్తనిధి కేంద్రానికి ఇచ్చేశారు. అక్కడ కంప్యూటర్లు చూసుకునే త్రిమూర్తులు గారు నన్ను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. గతుకు వచ్చినప్పుడల్లా “మెల్లగా బాబూ, మెల్లగా” అని డ్రైవర్ని బతిమాలారు. నాలోని పాతవన్నీ తుడిచేసి కొత్తగా ఒక డేటాబేస్ ప్రోగ్రాము ఎక్కించారు. ఇనుము నాది, బుద్ధి దానిది అనుకోండి. ఎవరు ఏమడిగినా ముందు వాళ్ళెవరో చూసి, వాళ్ళకు తగినంతే చూపించడం దాని పద్ధతి. రిసెప్షన్‌కు దాతల పేర్లు, ఫోన్ నెంబర్లు, బ్లడ్ గ్రూపులు కనబడతాయి. ల్యాబ్‌కు సీసా నెంబర్లు, పరీక్షలు మాత్రమే. పేరునూ పరీక్ష ఫలితాన్నీ పక్కపక్కన చూడగలిగేది ఇద్దరే: కేంద్రం పెద్ద డాక్టర్ హైమవతి గారు, కౌన్సెలర్ ఫిలోమినా గారు. వీళ్ళందరి మీదా యజమాని ఖాతా ఒకటి ఉంటుంది. దానికి అన్నీ కనబడతాయి, అన్నీ మార్చవచ్చు. అది త్రిమూర్తులు గారి చేతిలో ఉండేది, కానీ ఆయన ఆ పేర్ల జోలికి పోయేవారు కాదు.

ఆ కేంద్రంలో గదులు తక్కువ. తలుపు వేసుకుని ఏకాంతంగా మాట్లాడుకోవడానికి నా గది తప్ప ఇంకోటి లేదు. అందుకని ఫిలోమినా గారి బల్లా రెండు కుర్చీలూ నా పక్కనే వేశారు. ఇచ్చిన రక్తంలో ఏదైనా జబ్బు ఆనవాలు కనిపిస్తే ఆ దాతను పిలిపించి, కూర్చోబెట్టి చెప్పడం ఆవిడ ఉద్యోగం. నా ఫ్యాన్ల రొద వల్ల లోపలి మాట బయటికి వినపడదు. అది కూడా పనికొచ్చింది.

అక్కడే నేను నూకరాజును చూశాను. ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడిపేవాడు. స్కూల్లో పెట్టిన శిబిరంలో ఏటా రక్తం ఇచ్చేవాడు. ఈసారి ఫలితం వేరుగా వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో మళ్ళీ చేయించారు, అక్కడా అదే వచ్చింది. ఫిలోమినా గారు గొంతు తగ్గించి హెచ్‌ఐవీ అని చెప్పినప్పుడు నూకరాజు నా దీపాల వంక చూశాడు.

“చచ్చిపోతానాండి?” అన్నాడు.

“లేదు. మందులున్నాయి. రోజూ వేసుకుంటే మామూలుగా బతుకుతారు. మందులు ఊరికే ఇస్తారు కూడా.”

“మా ఆవిడికి?”

“ఆవిడకీ పరీక్ష చేయించాలి. మీరే చెప్పాలి రాజు గారూ.”

అతను తల అడ్డంగా ఊపాడు. “ఇప్పుడు కాదండి. కొంచెం ఆగనియ్యండి. రేపట్నించి వరండాలో పడుకుంటాను, నడుం నొప్పని చెప్తాను. స్కూల్లో తెలిసిందంటే మాత్రం నా పని అయిపోయినట్టేనండి. పిల్లల బండి కదా. ఈ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది?”

“డాక్టర్ గారికి, నాకు. ఇంకెవరూ చూడలేరు. మాటిస్తున్నాను.”

ఆవిడ మాటిచ్చింది నన్ను చూసుకునే. నేనక్కడ ఉన్నాననీ, అడగకూడనివాళ్ళు అడిగితే నేను చెప్పననీ. ఒక మనిషి ఇచ్చిన మాటలో నాకూ వాటా ఉందని తెలిసి చిత్రంగా అనిపించింది. అతను వచ్చిన ప్రతిసారీ ఆవిడ “ఇంట్లో చెప్పారా?” అని అడిగేది. అతను వరండా సంగతి చెప్పి తప్పించుకునేవాడు. “నడుం నొప్పికి మా ఆవిడ రోజూ కాపడం పెడతందండి” అన్నాడు ఒకరోజు. ఆ మాట అని ఏడ్చాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం త్రిమూర్తులు గారు ఫోన్ చూసుకుంటూ గదిలోకి వచ్చారు. మొహం అదోలా ఉంది.

“ఏమైందండీ?” అని ఫిలోమినా గారు అడిగారు.

“మన డేటాబేస్‌లో చిల్లుందంటండి. తయారుచేసినోళ్ళే బయటపెట్టారు.”

నాలో చిల్లా? నాకు భలే ఆశ్చర్యమేసింది. ఇనుము బాగానే ఉంది, బుద్ధి చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. రాతతో తయారైన దానికి చిల్లు ఎక్కడ పడుతుంది? ఫిలోమినా గారిదీ అదే సందేహం. త్రిమూర్తులు గారు ఆలోచించి ఇలా చెప్పారు.

“మన ఆయా ఉంది కదండీ. అన్ని గదులూ ఊడవాలి కాబట్టి అన్ని తాళాలూ ఆవిడ దగ్గరుంటాయి. ఊడుస్తుంటే ఒక గదిలో చీటీ కనబడిందనుకోండి, ‘బీరువా తీసి పెట్టు’ అని. అది డాక్టర్ గారు రాశారా, బయటోడెవడన్నా రాశాడా అని చూడకుండా వెళ్ళి తీసేసిందనుకోండి. ఇందులోనూ చెత్త ఎత్తే పనొకటి ఉంటుంది, దానంతటదే తిరుగుతా ఉంటుంది, యజమాని అధికారంతో. రిసెప్షన్ లాంటి చిన్న ఖాతావాడు దాని దారిలో చీటీ పెడితే చాలు, యజమాని హుకుం అనుకుని చేసేస్తదంట. ఇన్నేళ్ళూ ఎవరూ గమనించలేదు.”

“మరి ఇప్పుడెలా?”

“ప్యాచ్ ఇచ్చారండి. అంటే అతుకు. అది ఎక్కిస్తే, చీటీ ఎవరు రాశారో వాళ్ళ అధికారం మేరకే పని జరుగుద్ది.”

ఇందులో నాకు వింతగా తోచిన సంగతి ఇంకొకటుంది. చిల్లు ఎక్కడుందో, దానికి అతుకేమిటో ఒకే రోజు లోకమంతటికీ చాటుతారట. చెప్పకపోతే చిల్లున్న ఇళ్ళవాళ్ళు బాగుచేసుకోరు. చెబితే దొంగలూ వింటారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ పరుగు పందెమే. వేరే దారి లేక మనుషులు చేసుకున్న ఏర్పాటిది. కానీ పందెంలో ఉన్నామన్న సంగతి ఇళ్ళవాళ్ళలో చాలామందికి తెలియదు.

అతుకు వేయాలంటే నన్ను సగం రోజు ఆపాలి. ముందు ఒక నకలు మీద వేసి చూడాలి. త్రిమూర్తులు గారు డాక్టర్ హైమవతి గారిని అడిగారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. తలసేమియా పిల్లలకు రక్తం సరిపోవడం లేదని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి శిబిరాలు పెట్టించే మనిషి. “ఈ వారం కాలేజీ క్యాంపు ఉంది, సర్వరు ఆపితే ఎలా?” అన్నారు. తరవాతి వారం డెంగీ కేసులు పెరిగి ప్లేట్‌లెట్ల కోసం జనం మెట్ల మీద కూర్చున్నారు. ఆ తరవాత ఇంకో క్యాంపు. ప్రతిసారీ కారణం న్యాయమైనదే. చిల్లు మాత్రం కారణాలు వినదు కదా. త్రిమూర్తులు గారు ఉండబట్టలేక రిసెప్షన్ పాస్‌వర్డు మార్చారు. డ్యూటీలు మారే సిబ్బంది మరిచిపోతామని దాన్ని కాగితం మీద రాసి, క్యాంపులకు తీసుకెళ్ళే ల్యాప్‌టాప్ మూతకు అంటించుకున్నారు.

ఆ రెండో క్యాంపు అయిన తరవాత, ఒక మధ్యాహ్నం, రిసెప్షన్ ఖాతా నాతో కొత్తగా మాట్లాడింది. మామూలుగా అది అడిగేవి నాలుగే ప్రశ్నలు. పేరు, వయసు, గ్రూపు, కిందటిసారి ఎప్పుడిచ్చారు. ఆ రోజు మాత్రం నా గురించి అడిగింది. నీలో ఎన్ని గదులున్నాయి? ఏ గది ఎవరిది? చెత్త ఎప్పుడెత్తుతారు? నా గురించి అంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగినదాంట్లో చెప్పదగినవన్నీ చెప్పాను. కాసేపటికి అది ఒక మూల చిన్న చీటీలాంటిది పెట్టి ఊరుకుంది. చెత్త ఎత్తే పని తన వేళకు బయల్దేరింది. చీటీ చూసింది. అందులో ‘రిసెప్షన్‌కు యజమాని అధికారం ఇవ్వు’ అని ఉంది. ఇచ్చేసింది. ఆ తరవాత రిసెప్షన్ ఖాతా వచ్చి, జబ్బు తేలినవాళ్ళ పేర్లూ ఫోన్ నెంబర్లూ ఉన్న పట్టిక అడిగింది. యజమాని అడిగితే ఇవ్వాలి. పట్టిక వెళ్ళిపోయింది. ఇదంతా జరుగుతున్నప్పుడు ఫిలోమినా గారు నా పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా తెరుచుకుంటున్నారు. దీపాలు ఎప్పట్లాగే ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

చివరికి ఒక ఆదివారం ఉదయం శిబిరాలేమీ లేవని అతుకు వేయడానికి అనుమతి వచ్చింది. త్రిమూర్తులు గారు స్టూలు వేసుకుని నా ముందు కూర్చున్నారు. పని మొదలుపెట్టే ముందు ఎవరెవరికి ఏ అధికారం ఉందో ఒకసారి చూశారు. రిసెప్షన్‌కు యజమాని అధికారం ఉందని చూసి, చప్పున లేచి, నా వెనక ఉన్న నెట్‌వర్క్ వైరు పీకేశారు. ఆ వైరు చేత్తో పట్టుకునే డాక్టర్ గారికి ఫోన్ చేశారు.

గంట తిరక్కుండా హైమవతి గారు, ఫిలోమినా గారు వచ్చారు.

“ఇప్పుడు అతుకు వేసెయ్యండి మరి” అన్నారు డాక్టర్ గారు.

“వేస్తానండి. అతుకు వేస్తే చిల్లు పూడుద్ది. లోపలికొచ్చినోడు తీసుకెళ్ళింది మాత్రం వెనక్కి రాదు.” “పోలీసులకు చూపించడానికి ఉన్నదున్నట్టు ఒక నకలు తీస్తాను. తరవాత అంతా తుడిచి, పాత మంచి కాపీతో, అతుకేసిన ప్రోగ్రాముతో మళ్ళీ కడతాను.”

“ఏం తీసుకెళ్ళారు?”

ఆయన తెర వైపు చూపించారు. ఫిలోమినా గారు ఆ పేర్లు చదవలేదు. చదవాల్సిన పని లేదు, అవన్నీ ఆవిడకు తెలిసినవే.

“వీళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి మేడమ్” అన్నారు.

“ఆగు ఫిలోమినా. పోలీసులకు చెబుదాం, పైవాళ్ళకు రాద్దాం. వీళ్ళకెందుకు? వాడు అసలు ఏమీ చెయ్యకపోవచ్చు. ఇప్పటికే బెదిరిపోయి ఉన్నవాళ్ళను మనమే ఇంకా బెదరగొట్టినట్టవుతుంది. ఒకడు ఏ అఘాయిత్యమో చేసుకుంటే?”

“ఎవడో తెలియనివాడు ఫోన్ చేసి ‘నీ సంగతి నాకు తెలుసు’ అంటే అప్పుడు చేసుకోరా? అప్పుడు పక్కన మనం ఉండం. ఇప్పుడైతే ఉంటాం.”

ఫిలోమినా గారే మళ్ళీ అన్నారు. “మాటిచ్చింది నేను. మాట పోయిందన్న సంగతి కూడా నేనే చెప్పాలి.”

“త్రిమూర్తులు గారు అన్నిసార్లు అడిగారు. వాయిదా వేసింది నేను” అన్నారు హైమవతి గారు నెమ్మదిగా. కుర్చీలో కూర్చున్నారు. “సరే. ఫోన్లో కాదు. ఒక్కొక్కరినీ పిలిపించు. నేనూ కూర్చుంటాను.”

ఆ తరవాత నన్ను ఆపేశారు. ఆగినప్పుడు ఎలా ఉంటుందని అడగకండి, నాకు తెలియదు. మళ్ళీ వెలిగేసరికి అదే గది, అవే గోడలు. అతుకు పడినచోట నొప్పి ఏమన్నా ఉంటుందేమోనని చూసుకున్నాను. ఏమీ లేదు. చెత్త ఎత్తే పని ఎప్పట్లాగే తిరుగుతోంది, కాకపోతే ఇప్పుడు చీటీ కనబడితే రాసిందెవరని చూస్తోంది. ఇంత చిన్న మార్పు.

నూకరాజు బస్సు ట్రిప్పులకు మధ్య ఖాళీలో వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే. ఫిలోమినా గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. హైమవతి గారు “తప్పు మాది” అన్నారు.

అతనికి ముందు కోపం వచ్చింది. “మాటిచ్చారు కదండీ! ఎవడండీ ఆడు? నా కాయితంతో ఆడికేం పని?” అని లేచి నిలబడ్డాడు. “నేనేం చెయ్యాలండి ఇప్పుడు? ఊరొదిలి పోవాలా?”

అతను తలుపుదాకా వెళ్ళి, ఆగి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

“ఆడు ఇంటికి ఫోన్ చేత్తే మంగ ఎత్తుతాది” అన్నాడు. మంగ అతని భార్య. “ఆడి నోట వింటే తట్టుకోలేదండి. నన్ను చీదరించుకుంటాది.”

“మీ నోట వింటే?” అన్నారు ఫిలోమినా గారు.

అతను లేచి బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. కానీ రెండు రోజుల తరవాత మంగను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. అతని పక్క కుర్చీలో కాకుండా కాస్త దూరంగా, నాకు ఆనుకుని నిలబడింది. “అన్ని నెలలు కాపడం పెట్టించుకున్నాడండి నాచేత, లేని నొప్పికి” అంది. తిట్టు మొత్తం అంతే. పరీక్షకు చెయ్యి చాపింది. ఫలితం వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆవిడకు ఏమీ లేదని తేలాక మాత్రం, తూలిపడబోయిన నూకరాజు భుజం పట్టుకుని ఆవిడే కూర్చోబెట్టింది.

స్కూల్లో చెప్పాల్సిన అవసరం లేదనీ, చట్టం అడగనివ్వదనీ ఫిలోమినా గారు చెప్పారు. అతను వినలేదు. “ఇంట్లో అయిపోయిందండి. ఇంకోచోట మిగుల్చుకుంటే ఆడు అక్కడే పట్టుకుంటాడు” అన్నాడు. ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. ఆవిడ భయపడి కొన్నాళ్ళు సెలవు పెట్టమంది. అప్పుడు హైమవతి గారు నా గదిలోంచే ఆవిడకు ఫోన్ చేశారు. స్టీరింగు పట్టుకుంటే ఇది అంటుకోదని ఓపిగ్గా చెప్పారు. బడి పిల్లల తల్లిదండ్రుల పేరెత్తి ఆవిడ నసిగింది. అప్పుడు డాక్టర్ గారు గొంతు మార్చి, “జబ్బు కారణంగా ఉద్యోగంలోంచి తీయడం నేరం మేడమ్. నేను సాక్ష్యానికి వస్తాను” అన్నారు. నూకరాజు మళ్ళీ బస్సెక్కాడు. అన్నీ బాగయ్యాయని చెప్పలేను. అతనితో ఇన్నేళ్ళూ టీ పంచుకున్న వాచ్‌మన్ ఇప్పుడు తన గ్లాసు తను వేరుగా తెచ్చుకుంటున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు నూకరాజు నవ్వాడుగానీ అది నవ్వులా లేదు.

తరవాత ఒకరోజు మందుల గురించి మాట్లాడటానికి వచ్చి కూర్చున్నప్పుడు అతని ఫోన్ మోగింది. తెలియని నెంబరు. ఎత్తి రెండు క్షణాలు విన్నాడు. మొహం పాలిపోయింది. ఫిలోమినా గారు సైగ చేస్తే ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

“... స్కూల్లో చెప్పమంటావా? మీ ఆవిడకు చెప్పమంటావా? నువ్వే తేల్చుకో. చెప్పకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో నేను చెప్తాను.” కుర్ర గొంతు. ఏదో చదివి అప్పజెప్పినట్టుంది.

నూకరాజు ఫోను మీదికి వంగి, ప్రతి మాటా విడివిడిగా అన్నాడు.

“మా ఆవిడికి చెప్పేశానయ్యా. స్కూల్లోనూ చెప్పేశాను. ఇంకెవరికన్నా చెప్పాలంటే చెప్పుకో. నా నెంబరు రాసుకున్నావు కదా, పేరు కూడా సరిగ్గా రాసుకో. నూకరాజు.”

ఇంతవరకూ అలాంటి జవాబు వాడికెవరూ ఇచ్చి ఉండరు. ఫోను కట్టయింది.

నూకరాజు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. “స్కూలు వదిలే టైమయ్యిందండి, పిల్లలు ఎదురుచూత్తారు” అని లేచాడు. అతను వెళ్ళగానే ఫిలోమినా గారు ఆ నెంబరు త్రిమూర్తులు గారికి చెప్పి పోలీసులకు పంపించారు. తరవాత ఒక్కొక్కరికీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. “కాల్స్ వస్తున్నాయి. భయపడకండి. ఎత్తితే ఏమనాలో చెప్తాను, వినండి.”

నూకరాజులాగా అందరూ అనలేకపోయారు. ఒకతను ఊరే మార్చేశాడు. ఒకావిడ ఫోను తీసి కాలవలో పడేసిందట. అయినా ఎవరూ ఒంటరిగా ఆ గొంతు వినలేదు. కొన్ని నెలలకు వేరే రాష్ట్రంలో ఇద్దరు కుర్రాళ్ళు పట్టుబడ్డారు. మా ఊరు ఎక్కడుందో కూడా వాళ్ళకు తెలియదట. చిల్లు పూడ్చని సర్వర్లు ఎక్కడున్నాయో వెతుకుతూ ఒక్కొక్కటీ తట్టి చూసేవారట. మా పాస్‌వర్డు మాత్రం, క్యాంపులో ఎవరో తీసి నెట్‌లో పెట్టిన ఫొటోలో, ల్యాప్‌టాప్ మూత మీద దొరికిందట. మా మీద పగా లేదు, మా గురించి ఆసక్తీ లేదు. అంత దూరంనుంచి వచ్చి, ఒక మనిషి వరండాలో పడుకుంటూ దాచుకున్నదాన్ని ఎత్తుకుపోగలిగారు. దీని గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ తరవాత అతుకులు చాలా వచ్చాయి. వచ్చిన వారంలోనే డాక్టర్ గారు తనంతట తానే “ఎప్పుడు ఆపుదాం?” అని అడిగేవారు. ఆపిన పూట రిసెప్షన్‌వాళ్ళు కాగితాల మీద రాసుకునేవాళ్ళు, సణుక్కుంటూ.

ఇప్పుడు నేను స్టోరు గదిలో ఉన్నాను. పాడైపోయిన డీప్ ఫ్రీజరు ఒక పక్క, శిబిరాల బ్యానర్ల కట్టలు ఇంకో పక్క. నా చోట్లోకి కొత్త సర్వరు వచ్చింది. త్రిమూర్తులు గారు నాలోంచి డిస్కులు ఊడదీసి, డ్రిల్లింగ్ మిషనుతో వాటికి బెజ్జాలు వేసి, విరగ్గొట్టి పంపించారు. నాలో రాసి ఉన్నదంటూ ఇప్పుడేదీ లేదు. మీకు చెప్పినవన్నీ ఎవరూ నాలో రాసినవి కావు, ఫ్యాన్ల రొదలో ఆ గదిలో నేను విన్నవి.

ఒక్క విషయం. అతని పేరు నూకరాజు కాదు. నడిపేది స్కూలు బస్సు అవునో కాదో కూడా నేను చెప్పను.